డాంగిల్ నెట్‌ని ఇల్లంతా వైఫైగా పంచుకోవాలి, మీరెలా చేశారు?

గుణదల టీచర్

అందరికీ నమస్కారం. మాది విజయవాడ గుణదల, కొండ పక్క సందు. డ్రైనేజీ పనుల్లో మా వైపు ఫైబర్ తీగ తెగి మూడు వారాలు దాటింది. ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పడం లేదు. నేను సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. అది ఆగకూడదని మా అన్నయ్య దగ్గరున్న 4జీ డాంగిల్ తెచ్చి, సిమ్ వేసి ల్యాప్‌టాప్‌కి పెట్టుకున్నాను.

ల్యాప్‌టాప్ వరకు నెట్ వస్తోంది. మా అబ్బాయికి, అత్తయ్యగారి ఫోన్‌కి, టీవీకి కావాలంటే అందులోనే హాట్‌స్పాట్ ఆన్ చేయాలి. నేను మూత మూశానంటే ఇంట్లో అందరికీ పోయినట్టే. ఇంకో సంగతి నాకసలు అర్థం కావడం లేదు. వీడియోలు గంటల తరబడి చూసినా ఏమీ అవదు. క్లాసులో నా కెమెరా ఆన్ చేసిన పది నిమిషాలకి డాంగిల్ లైటు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. పిల్లలు "మేడం, మీరు ఆగిపోయారు" అంటారు. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను. ఇంట్లో పాత వైఫై రౌటర్ ఉంది కానీ దానికి యూఎస్‌బీ పోర్టు లేదు.

కృష్ణలంక కుర్రాడు

అక్కా, రౌటర్ సంగతి తేలేదాకా ల్యాప్‌టాప్‌లోనే రెండు సెట్టింగులు మార్చండి. పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినా నిద్రపోకుండా పెట్టి, ఛార్జర్ తగిలించి ఉంచండి. మొబైల్ హాట్‌స్పాట్ పేజీలోనే పవర్ సేవింగ్ అని ఉంటుంది. ఎవరూ కనెక్ట్ అయి లేకపోతే హాట్‌స్పాట్‌ని ఆపేసేది అదే, దాన్ని తీసేయండి. విండోస్ 10లో ఎనిమిది పరికరాల దాకా కలుస్తాయి. ఫోన్‌కి 192.168.137తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే షేరింగ్ పనిచేస్తున్నట్టే.

మేము హాస్టల్లో ఉన్నప్పుడు విండోస్ 7లో ఇదే పని కమాండ్ ప్రాంప్ట్‌లో హోస్టెడ్ నెట్‌వర్క్ తెరిచి చేసేవాళ్లం. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ కొట్టాలి. ఇప్పుడు ఒక్క నొక్కుతో అయిపోతోంది.

అరండల్‌పేట సర్వీస్

గుంటూరులో నెట్‌వర్క్ పని చేస్తుంటాను. మేడం, ముందు మీ డాంగిల్ ఏ రకమో చూసుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పాత రకం వట్టి మోడెమ్. కంప్యూటర్‌లో దాని సాఫ్ట్‌వేర్ తెరిచి కనెక్ట్ నొక్కాలి, డయల్ నంబరు *99# ఉంటుంది. రెండో రకం తనే చిన్న రౌటర్. హువావే వాళ్లు దీన్ని హైలింక్ అంటారు. కంప్యూటర్‌కి ల్యాన్ కార్డులా (నెట్ తీగ పెట్టుకునే కార్డులా) కనిపిస్తుంది, బ్రౌజర్‌లో 192.168.8.1 కొడితే దాని పేజీ వస్తుంది. మూడో రకం తనే వైఫై కూడా ఇస్తుంది. వింగిల్ అని అమ్ముతారు. ఫోన్ ఛార్జర్‌కి గుచ్చినా చాలు, పది పరికరాల దాకా కలుస్తాయి. కాకపోతే గోడ అవతలికి అంతగా అందదు. ఒకటి రెండు గదుల ఇంటికైతే అదే తీసుకోమంటాను, రౌటర్ గొడవే ఉండదు.

మీది రెండో రకమైతే యూఎస్‌బీ పోర్టు ఉన్న రౌటర్ కావాలి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. అన్ని యూఎస్‌బీ పోర్టులూ మోడెమ్ కోసం కాదు, కొన్ని పెన్‌డ్రైవ్‌కీ ప్రింటర్‌కీ మాత్రమే. పెట్టె మీద 3జీ/4జీ మోడెమ్ అని రాసి ఉండాలి. రౌటర్ కంపెనీ సైట్‌లో ఏ డాంగిల్స్ పడతాయో పట్టిక ఉంటుంది. అందులో మీ డాంగిల్ మోడల్, మీ రౌటర్ వెర్షన్ రెండూ కలవాలి. ఎందుకంటే డాంగిల్ మొదట గుచ్చగానే మోడెమ్‌లా కాదు, డ్రైవర్లున్న సీడీలా కనిపిస్తుంది. దాన్ని మోడెమ్‌గా మారమని రౌటర్ ఒక సందేశం పంపాలి. ఆ సందేశం మోడల్‌ని బట్టి మారుతుంది. తెలియని రౌటర్ సీడీని చూస్తూ కూర్చుంటుంది, మనం డాంగిల్ చెడిపోయిందనుకుంటాం. రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ ఈ పని చేస్తుంది. కాకపోతే 4 ఎంబీ ఫ్లాష్ మెమరీ ఉన్న పాత రౌటర్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కొత్త వెర్షన్లు పట్టవు.

అడ్రస్‌లు కొట్టుకోవడం ఇంకో తలనొప్పి. కొన్ని జెడ్‌టీఈ డాంగిల్స్‌ది 192.168.0.1, కొన్ని టీపీ-లింక్ రౌటర్లదీ అదే. రెండింటికీ ఒకటే ఉంటే వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్ రాదు. రౌటర్ అడ్రస్‌ని 192.168.50.1కి మార్చేస్తే సరి.

పటమట బాబాయ్

అమ్మాయ్, నా అనుభవం చెబుతాను, డబ్బు మిగులుతుంది. నా దగ్గర పాత 3జీ డాంగిల్ ఉండేది. పారేయడానికి మనసొప్పక దానికోసమే గవర్నర్‌పేటలో రౌటర్ కొన్నాను. రెండు రోజులు కుస్తీ పట్టాక షాపు కుర్రాడు చెప్పాడు. జియో 2016లో మొదలైందే 4జీతో, వాళ్లకి 3జీ ఎప్పుడూ లేదు, ఆ సిమ్ 3జీ డాంగిల్‌లో పట్టుకోవడానికి ఏమీ ఉండదట. మిగతా కంపెనీలు కూడా 3జీ చాలావరకు మూసేశాయి, 2జీ వేగంతో పాకుతుంది. డాంగిల్ మీద 4జీ అని ఉందో లేదో ముందు చూసుకో.

కృష్ణలంక కుర్రాడు

4జీ అని ఉన్నా బ్యాండ్లు, అంటే అది ఏయే ఫ్రీక్వెన్సీలు పట్టుకుంటుందో చూడాలి బాబాయ్. మా ఫ్రెండు దుబాయ్ నుంచి తెచ్చిన దాంట్లో బ్యాండ్ 40 లేదు. ఇక్కడ జియోవి 3, 5, 40. ఊళ్లో పనిచేసేది, వాళ్ల అమ్మమ్మగారి పల్లెలో పనిచేసేది కాదు.

గుణదల టీచర్

అందరికీ చాలా థాంక్స్. నాది రెండో రకమే, 192.168.8.1 పేజీ వచ్చింది. పట్టిక చూసుకుని సెకండ్‌హ్యాండ్‌లో 4జీ మోడెమ్ పట్టే రౌటర్ తెచ్చాను. గుచ్చగానే వచ్చేసింది. అత్తయ్యగారు హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచుతో అరగంట వీడియోలో మాట్లాడారు.

కానీ కెమెరా జబ్బు పోలేదు, ఎక్కువైంది. కింద హాల్లో సిగ్నల్ తక్కువని మూడు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని, డాంగిల్‌ని కిటికీ పైదాకా తీసుకెళ్లి కట్టాను. రౌటర్ హాల్లోనే ఉంది. నిన్నటి క్లాసులో గంటలో ఏడుసార్లు పోయింది. తొమ్మిదో తరగతి పాప ఒకతి పాపం ఒకే లెక్క మూడుసార్లు అడిగింది.

అరండల్‌పేట సర్వీస్

మేడం, అది నెట్‌వర్క్ లోపం కాదు, డాంగిల్‌కి కరెంటు చాలడం లేదు.

వీడియో చూస్తున్నప్పుడు డాంగిల్ ఎక్కువగా వినే పని చేస్తుంది. మీరు కెమెరా ఆన్ చేస్తే అది ఆపకుండా టవర్‌కి పంపాలి. సిగ్నల్ ఎంత తక్కువైతే టవర్ అంత గట్టిగా పంపమంటుంది. అప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు. సెకండ్‌హ్యాండ్ రౌటర్‌కి అసలు అడాప్టర్ బదులు ఏదో ఒకటి తగిలించి అమ్ముతుంటారు, ఆ 500 కూడా నిలకడగా రాదు. పైగా మీరు మూడు మీటర్ల సన్న తీగ కలిపారు. తీగలో కొంత వోల్టేజీ పడిపోతుంది. డాంగిల్ దాకా వచ్చేసరికి చాలక అది ఆగి మళ్లీ మొదలవుతుంది. లైటు ఆరి వెలగడం అదే.

చేయాల్సింది రెండు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొనండి, 5 వోల్టులు 2 ఆంపియర్లది. రౌటర్‌కీ డాంగిల్‌కీ మధ్య పెట్టండి. రెండోది అంతకన్నా ముఖ్యం. యూఎస్‌బీ తీగ సాగదీయకండి, ల్యాన్ తీగ సాగదీయండి. ల్యాన్ తీగ వంద మీటర్ల దాకా వెళ్తుంది. డాంగిల్, రౌటర్ రెండూ సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లాలి. అక్కణ్ణించి ల్యాన్ తీగ కిందికి దించి మీ పాత రౌటర్‌కి ఇవ్వండి. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, రౌటర్ అడ్రస్ మార్చి, తీగని బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టుకి కాకుండా పసుపు రంగు ల్యాన్ పోర్టుల్లో ఒకదానికి పెట్టాలి. రెండు చోట్లా వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టండి.

చోటు ఎంచుకునేటప్పుడు ఫోన్‌లో గీతలు నమ్మొద్దు. డాంగిల్ పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ అని రెండు అంకెలుంటాయి. మొదటిది సిగ్నల్ బలం, మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు. మైనస్ 110 దాటిందంటే కష్టం. రెండోది ఎంత ఎక్కువైతే అంత శుభ్రమైన సిగ్నల్. ల్యాప్‌టాప్ పట్టుకుని గదిగదికీ తిరిగి, ఒక్కోచోట రెండు నిమిషాలాగి రాసుకోండి.

సింగ్‌నగర్ రెండో అంతస్తు

కరెంటు మాట వచ్చింది కాబట్టి నాదీ చెబుతాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు కింది వాటా మొత్తం మునిగింది. కరెంటు లేదు, ఫైబర్ లేదు. నా దగ్గర 5 వోల్టుల చిన్న ట్రావెల్ రౌటర్, డాంగిల్, 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులు రెండు ఉన్నాయి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడితే ఫోనే అయిపోతుంది, అవతలి వాళ్లు మనకి కాల్ చేయలేరు. అందుకే రౌటర్‌ని పవర్‌బ్యాంకుకి తగిలించాను. ఒక్కోటి ఆరేడు గంటలు వచ్చింది. డాబా మీదికి చేరిన పక్కిళ్ల వాళ్లందరికీ పాస్‌వర్డ్ చెప్పాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది, వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు మాత్రం వెళ్లేవి. కింద వాటా పెద్దాయన అమెరికాలో ఉన్న కూతురికి "బాగానే ఉన్నామమ్మా" అని పంపి, దానికి రెండు టిక్కులు పడేదాకా ఫోన్ చేతిలోంచి దించలేదు.

ఆ తర్వాత నేను మానని అలవాటు ఒక్కటే. రెండు పవర్‌బ్యాంకులూ ప్రతి శనివారం నిండుగా పెడతాను. మీ ఇంట్లో కూడా పైన పెట్టే రౌటర్‌కి మినీ యూపీఎస్ (కరెంటు పోయినా నడిపే చిన్న బ్యాటరీ) ఒకటి పెట్టుకోండి టీచర్ గారూ. కరెంటు పోయి వచ్చినప్పుడు డాంగిల్ మళ్లీ నెట్‌వర్క్ వెతుక్కునేసరికి నిమిషం పైనే పడుతుంది, క్లాసు తెగిపోతుంది.

మిర్చియార్డ్ షాపు

గుంటూరు నుంచి. మా గోడౌన్‌లో లైను లేదు, డాంగిల్ రౌటర్‌తోనే సీసీ కెమెరాలు నడుపుతున్నాను. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలికి దారి ఇచ్చే సెట్టింగు) పెట్టి ఇంటి నుంచి చూద్దామని నెల రోజులు తంటాలు పడ్డాను, రాలేదు. ఎందుకంటే మొబైల్ నెట్‌లో మన రౌటర్‌కి సొంతంగా బయటి అడ్రస్ ఉండదు, ఎంతోమందికి ఒకే అడ్రస్ పంచుతారు. బయటి నుంచి తలుపు తట్టడానికి వీలుండదు. చివరికి డీవీఆర్‌లో (కెమెరాల రికార్డింగ్ పెట్టెలో) పీ2పీ అనే సెట్టింగు ఆన్ చేసి, యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఒక్క నిమిషంలో వచ్చింది. పూర్తి నాణ్యతుండే మెయిన్ స్ట్రీమ్ కాకుండా తక్కువ డేటా తినే సబ్ స్ట్రీమ్‌లో చూడండి, లేదంటే డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది.

పటమట బాబాయ్

డేటా సంగతి అమ్మాయి కూడా చూసుకోవాలి. రోజుకి 2 జీబీ ప్లాన్‌లో ఇల్లంతా పంచితే ఎంతసేపు? ఫోన్లు వైఫై కనపడగానే ఫోటోలు ఎక్కించడం, యాప్‌లు అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెడతాయి. మాకు పొద్దున తొమ్మిదికల్లా అయిపోయి 64 కేబీపీఎస్‌కి పడిపోయింది. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు నొక్కి మీటర్డ్ (డేటా లెక్క ఉన్న నెట్) అని పెట్టాలి, విండోస్‌లో కూడా ఉంది. టీవీలో వీడియో నాణ్యత 480పీకి కట్టేయండి.

గుణదల టీచర్

ఆదివారం పొద్దున్నే మా అబ్బాయీ నేనూ ల్యాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా తిరిగాం. వాడు అంకెలు చదివాడు, నేను రాసుకున్నాను. హాల్లో మైనస్ 113, ఎస్‌ఐఎన్‌ఆర్ 1. వంటింట్లో ఇంకా ఘోరం. మేడ మీద మెట్ల గదిలో, కొండ వైపు కాకుండా ఏలూరు రోడ్డు వైపు కిటికీ దగ్గర మైనస్ 96, ఎస్‌ఐఎన్‌ఆర్ 12. నేను ఇన్నాళ్లూ కొండ వైపు కిటికీకి కట్టాను, టవర్ అటు ఉందనుకుని.

రౌటర్, హబ్, డాంగిల్ మూడూ మెట్ల గదిలో చెక్క అలమరలో పెట్టాం. ఎలక్ట్రీషియన్ వచ్చి ల్యాన్ తీగ పైపులోంచి హాల్లోకి దించాడు. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపడం మా అబ్బాయే చేశాడు. మొదట తీగ వ్యాన్ పోర్టుకే పెట్టాడు, సర్వీస్ గారు రాసింది మళ్లీ చదివి మార్చాడు. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు క్లాసులు కెమెరాతో చెప్పాను, ఒక్కసారి కూడా పోలేదు.

ఒక్క సందేహం. మధ్యాహ్నం మెట్ల గది కాలిపోతుంది, డాంగిల్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. మే నెలలో ఎలా?

అరండల్‌పేట సర్వీస్

అలమర తలుపు తీసి ఉంచండి, లేదంటే బయట గోడకి నిలువుగా తగిలించండి, గాలి ఆడాలి. ఎండ నేరుగా పడకూడదు. డాంగిల్ బాగా వేడెక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. మీ క్లాసులు సాయంత్రం కాబట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా హబ్ స్విచ్ ఆపేసుకోవచ్చు. హబ్ ఆపినా రౌటర్ పోర్టు నుంచి కాస్త కరెంటు వెళ్తూ ఉంటే రౌటర్ కూడా ఆపండి. అప్పటికీ వేడిగా ఉంటే కింది మెట్ల మలుపులో ఒకసారి రీడింగ్ చూడండి. మైనస్ 100 వచ్చినా హబ్ ఉంది కాబట్టి మీ పనికి సరిపోతుంది.

గుణదల టీచర్

మెట్ల మలుపులో మైనస్ 101, ఎస్‌ఐఎన్‌ఆర్ 9. అక్కడికే దించాం. మా సందులో ఇంకా ఫైబర్ రాని ఇళ్లు పది దాకా ఉన్నాయి. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఏలూరు రోడ్డు వైపు కిటికీలో రీడింగ్ చూసుకోండి.