పిల్లల నవలా చర్చ: డల్లాస్ హాలు, తిరుపతి లైను, ఎవరి పనేమిటి

సమన్వయం: రెండు భాషల మధ్య పెరిగే అమ్మాయి నవల మీద డల్లాస్ పిల్లల చర్చ ఇది, తిరుపతి నుంచి అవ్వాతాతలు లైనులో కలుస్తారు. శనివారం ఉదయం ఇక్కడ 10కి మొదలు. తిరుపతిలో రాత్రి 8:30. నవంబరుకు జరపమని ఇద్దరు అడిగారు, వద్దు. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అక్కడ 9:30 అయిపోతుంది. అవ్వాతాతలను అంతసేపు మేలుకోమనలేం. అక్టోబరులోనే కానిద్దాం.

పుస్తకాలు: పిల్లలు 24, కాపీలు 12, ఇద్దరికొకటి. మూడు వారాల ముందే చేతికివ్వాలి. నవలంతా ఫొటోకాపీ తీసి పంచడం కుదరదు, కాపీరైటు ఉంది. లైబ్రరీలో ఎన్ని దొరికితే అన్ని తేవాలి, మిగతావి కొనాలి. అందరూ 300 పేజీలు చదివొస్తారని మాత్రం నమ్ముకోవద్దు. మూడు ఘట్టాలు తీశాం: టీచరు ఆ అమ్మాయి పేరును తప్పుగా పలకడం, అవ్వతో ఫోను, సెలవుల్లో ఊరు. ఒక్కోటి నాలుగు పేజీలు, పైకి చదివితే ఎనిమిది నిమిషాలు.

తెలుగు ప్రశ్నల కాగితం పీడీఎఫ్‌గానే పంపండి. వర్డ్ ఫైలైతే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోతాయి.

చర్చ నడిపేవాళ్లు: ఆరుగురికొక గుంపు. “నీకు ఏ దేశం ఇష్టం?” అని ఎవరూ అడగొద్దండీ. దానికి పిల్లలు అమ్మానాన్నలకు నచ్చే జవాబే చెప్పి ఊరుకుంటారు. పేజీ పట్టుకుని అడగండి: పేరు తప్పు పలికినప్పుడు కథలో అమ్మాయి మొదట ఎందుకు సరిదిద్దలేదు? ఏ పేజీలో సరిదిద్దింది? ఆ మధ్యలో ఏం జరిగింది? పెద్దవాళ్లకు టిఫిన్ల దగ్గర పని చెప్పండి. వెనక కుర్చీల్లో కూర్చుంటే జవాబులు వాళ్లే అందిస్తారు.

తిరుపతి నుంచి: అన్నా, ‘అవ్వ’ మాటతోనే మొదలుపెట్టండి. మా పక్క అవ్వ. కోస్తా ఇళ్లలో అమ్మమ్మ, నాయనమ్మ. నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో పాట్టి. ఎవరింట్లో ఏమంటారో పిల్లలు చెప్తే పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. రెండు భాషల మధ్య పెరగడం అమెరికాలోనే పుట్టిన సంగతి కాదు కదా! 1960లో తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, చుట్టరికాలు మాత్రం సరిహద్దు గీతకు రెండు పక్కలా ఉండిపోయాయి. ఇక్కడి నుంచి ముగ్గురు మాట్లాడతారు, ఒక్కొక్కరు నాలుగు నిమిషాలు. ఉపన్యాసం లేదు, పిల్లలు అడిగినదానికి జవాబే. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, అందుకని రెండు ఫోన్లలో వేరువేరు సిమ్ముల డేటా పెట్టుకుంటున్నాం.

మైకు, తెర: తిరుపతి అవ్వ మాట హాల్లో స్పీకరు నుంచి వచ్చేటప్పుడు మన మైకు తెరిచి ఉంటే అవ్వకు తన గొంతే తిరిగి వినిపిస్తుంది, ఆగిపోతుంది. అడిగే పిల్లాడి చేతి మైకు ఒక్కటే తెరవండి. అడగడం కాగానే కట్టేయండి. గురువారం సాయంత్రం ఒకసారి చూసుకుందాం.

వంట: సంగటి ముద్దలు గంటలో గట్టిపడిపోతాయి. ఇంట్లో కలిపి హాట్‌ప్యాకులో తెచ్చి, 12 గంటలకు తడిచేత్తో అక్కడే ముద్దలు చేద్దాం. ఊరుబిండి పచ్చడిలో చెనిగ్గింజలు (వేరుశెనగలు) ఉంటాయి కాబట్టి గిన్నె వేరే బల్ల మీద, గరిటె వేరే, పైన పెద్దక్షరాలతో చీటీ. అలర్జీ ఉన్న పిల్లల పేర్లు ఇంతవరకు నాకెవరూ పంపలేదు. బుధవారంలోగా రాకపోతే ఊరుబిండి మానేసి చింతపండు పచ్చిపులుసు చేస్తాం.