గోల్ఫ్ డౌన్‌స్వింగ్‌లో (క్లబ్ పైనుంచి బంతి మీదికి దిగేటప్పుడు) ముందు ఏది కదలాలి?

ప్రశ్న: కుడిచేతి వాటం. గచ్చిబౌలి గోల్ఫ్ ప్రాక్టీస్ రేంజ్‌లో ఏడో నంబర్ ఐరన్ క్లబ్‌తో కొడుతుంటే బంతి ఎడమకు మొదలై కుడికి వంగిపోతోంది. డివట్ (క్లబ్ నేలను చెక్కిన గుంట) కూడా ఎడమకే. నడుము ముందు తిప్పితే షాంక్ (బంతి క్లబ్ మెడకు తగిలి పక్కకు పోవడం) అవుతోంది. అసలు వరుస ఏమిటండీ?

జవాబు 1: మీ భుజాలు ముందు తిరుగుతున్నాయండీ. అందుకే క్లబ్ బయటి నుంచి లోపలికి వస్తోంది, ఆ దారికి ఫేస్ (బంతిని తాకే ముఖం) తెరుచుకుని ఉంటే స్లైసే, అంటే బంతి కుడికి వంగడమే. వరుస: ఎడమ పాదం మీదికి ఒత్తిడి, తర్వాత నడుము, ఛాతీ, చేతులు, చివర క్లబ్. ఆ ఒత్తిడి మారడం చేతులింకా పైకి వెళ్తుండగానే మొదలవ్వాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. పైకి వెళ్లాక మొదలుపెడదామంటే భుజాలే లాగేస్తాయి.

జవాబు 2: షాంక్ సంగతి వేరు. తుంటి తిరగకుండా బంతి వైపు నెట్టుకొస్తే చేతులకు చోటు చాలదు, హోజెల్ (క్లబ్ తల కర్రకు కలిసే మెడ) బంతికి తగులుతుంది. క్లబ్ లేకుండా గోడకు పిరుదులు ఆనించి తిరగండి. వెనక్కి తిరిగినప్పుడు కుడి పిరుదు, కిందికి వచ్చేటప్పుడు ఎడమది గోడను వదలకూడదు.

జవాబు 3: స్టెప్ డ్రిల్ కూడా చేయండి. పాదాలు దగ్గర పెట్టి, క్లబ్ నడుము దాటి పైకి వెళ్తుండగా ఎడమ కాలు టార్గెట్ వైపు అడుగేసి, సగం వేగంతో కొట్టండి. అడుగు ఆలస్యమైతే బంతి మళ్లీ ఎడమకే మొదలవుతుంది.