“రాక్షసబల్లులు అంతరించిపోయాయి” – ఈ వాక్యం పిల్లలకు ఎలా రాయాలి?

ప్రశ్న: పక్షుల పుట్టుక గురించి పిల్లల కోసం రాసిన ఒక వ్యాసాన్ని సరిచూస్తున్నాను. అందులో ఈ వాక్యం ఉంది: “రాక్షసబల్లులు ఎప్పుడో అంతరించిపోయాయి, వాటిలో కొన్ని ఎగరడానికి ఈకలు మొలిపించుకుని పక్షులుగా మారాయి.” రాక్షసబల్లి అన్న మాట తప్పనీ, డైనోసార్ అనే ఉంచాలనీ ఒకరు సూచించారు. చక్కని తెలుగు మాటను ఎందుకు వదులుకోవాలో నాకు అర్థం కాలేదు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

సమాధానం: మీరు నామవాచకం గురించి అడిగారు కాని, నాకు ఆ వాక్యంలో ఎక్కువ ఇబ్బంది పెట్టినవి క్రియలు. అయినా అడిగినదానికే ముందు జవాబు చెబుతాను.

రాక్షసబల్లి అన్నది గ్రీకు పేరుకు నకలు. ఇంగ్లండుకు చెందిన శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1842లో రెండు గ్రీకు మాటలు కలిపి డైనోసారియా అనే పేరు కట్టాడు. మొదటి మాటకు భయం గొలిపేంత పెద్దదని, రెండో మాటకు బల్లి అని అర్థం. అప్పటికి ఆయన ముందున్న ఎముకలన్నీ భారీ జంతువులవే కనుక మొదటి భాగం ఆ రోజుకు సరిపోయింది. తరువాత దొరికిన వాటిలో చిన్నవి చాలా ఉన్నాయి. సినిమాల్లో మనిషిని తరిమే వెలాసిరాప్టర్ నిజానికి టర్కీ కోడి అంతే ఉండేది, దానిని రాక్షసి అనడానికి నోరు రాదు.

రెండో భాగం ఇంకా పెద్ద చిక్కు. బల్లి కాళ్లు ఒంటికి పక్కలకు చాచి ఉంటాయి, పొట్ట నేలకు దాదాపు ఆనుతుంది. డైనోసార్ల కాళ్లు కోడి కాళ్లలాగా ఒంటి కిందనే నిటారుగా దిగుతాయి. సరీసృపాల వంశంలో బల్లులు, పాములు ఒక కొమ్మకు చెందినవి. మొసళ్లు, డైనోసార్లు మరో కొమ్మకు చెందినవి. అందువల్ల నేడు బతికి ఉన్న జంతువుల్లో పక్షికి అతి దగ్గరి చుట్టం మొసలి. మొసలికి కూడా బల్లికంటె పిచ్చుకే దగ్గర. ఈ చుట్టరికాన్ని వివరించబోయే వ్యాసంలో మొదటి వాక్యంలోనే బల్లి అని పిలిస్తే, పిల్లవాడు వెతకవలసిన కొమ్మ వదిలేసి పక్క కొమ్మ పట్టుకుంటాడు. నా మట్టుకు నేను రాక్షసబల్లి అన్న మాటను ఒకసారి పరిచయం చేసి, తక్కిన చోట్ల డైనోసార్ అనే రాస్తాను.

ఇక క్రియలు. “అంతరించిపోయాయి, పక్షులుగా మారాయి” అని ఆ వరుసలో చెబితే, ముందు చావు, తరువాత మార్పు అన్నట్లు వినిపిస్తుంది. కాలక్రమం సరిగ్గా తలకిందులు. జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, జోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో 1861లో బయటపడిన ఆర్కియోప్టెరిక్స్ అనే ఆదిమ పక్షి శిలాజం దాదాపు 15 కోట్ల ఏళ్లనాటిది. డైనోసార్లలో అత్యధికం నశించిపోయినది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, మెక్సికోలోని యుకటాన్ వద్ద ఒక గ్రహశకలం భూమిని ఢీకొన్న కాలంలో. అంటే ఆ విపత్తు నాటికే పక్షులు కోట్ల ఏళ్లుగా ఎగురుతున్నాయి. వాటిలోనూ చాలా జాతులు ఆ దెబ్బకు పోయాయి. కొన్ని దాటుకుని వచ్చాయి. కనుక “పక్షులు కాని డైనోసార్లన్నీ అంతరించిపోయాయి” అనడం సరి అవుతుంది.

ఆర్కియోప్టెరిక్స్ గురించి ఒక పేరా అదనంగా ఇవ్వడానికి చోటుంటే తప్పక ఇవ్వండి. దాని శిలాజాలున్న రాతిపలకల మీద రెక్కల ఈకల గీతలు స్పష్టంగా అచ్చుపడి ఉన్నాయి. ఆ శిలాజాల్లోనే, నేటి పక్షికి ఉండని పళ్లు దవడలో కనిపిస్తాయి, రెక్కకు విడివిడిగా మూడు గోళ్ల వేళ్లు ఉంటాయి, వెనుక ఎముకల పొడవాటి తోక సాగుతుంది. మన నిఘంటువుల్లో ద్విజము అన్న మాటకు పక్షి అనీ, పన్ను అనీ రెండర్థాలు ఉన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆ సామ్యం కేవలం యాదృచ్ఛికమే అయినా పిల్లలకు చెబితే సరదా పడతారు.

అన్నిటికంటె జాగ్రత్తగా సరిచేయవలసినది “ఎగరడానికి ఈకలు మొలిపించుకుని” అన్న భాగం. మన భాషలో “-డానికి” అన్నది ఉద్దేశాన్ని చెబుతుంది. జంతువు ముందుగా ఒక లక్ష్యం పెట్టుకుని ఒంటిని మార్చుకున్నట్లు అర్థం వస్తుంది. తరతరాలుగా పిల్లల్లో పుట్టే చిన్న తేడాల్లో బతుకుకు పనికివచ్చినవి నిలుస్తూ పోవడమే జరిగింది. ఏ ఒక్క డైనోసారూ పక్షిగా మారలేదు. చైనాలోని లియావోనింగ్‌లో దొరికి 1996లో లోకానికి తెలిసిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్‌కు ఒంటినిండా నూగు వంటి సన్నని ఈకపోగులున్నాయి, ఎగిరే రెక్కలు మాత్రం లేవు. ఆ పోగుల్లో మిగిలిన రంగు రేణువులను పరిశీలించి, దాని తోక మీద ఎరుపు గోధుమ రంగు పట్టీలు ఉండేవని 2010లో శాస్త్రజ్ఞులు తేల్చారు. వెచ్చదనం కోసమో, తోటివాటికి కనిపించడం కోసమో ఉపయోగపడిన ఈకలు, చాలా కాలం తరువాత ఎగరడానికి కూడా పనికివచ్చాయి. “పనికివచ్చాయి” అంటే చాలు, వాక్యం నిలబడుతుంది.

మరొకరి ప్రశ్న: ఈ చుట్టరికం ఆర్కియోప్టెరిక్స్ దొరికిన రోజుల్లోనే తెలిసి ఉంటే, మా చిన్ననాటి పుస్తకాల్లో ఎందుకు కనిపించలేదు?

సమాధానం: దానికి కూడా ఒక క్రియే కొంత కారణమని చెప్పవచ్చు. ఇంగ్లండు జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ 1860ల చివరలోనే ఈ పోలికలను గట్టిగా ఎత్తిచూపాడు. 1926లో గెర్‌హార్డ్ హైల్మన్ పక్షుల పుట్టుక మీద రాసిన గ్రంథంలో పోలికలన్నీ ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం లేవదీశాడు. పక్షికి మెడ కింద రెండు జత్రువులు (మెడకూ భుజానికీ మధ్య ఉండే ఎముకలు) కలిసి పంగలకర్ర ఆకారంలో ఒకే ఎముకగా ఉంటాయి. డైనోసార్లకు జత్రువులే లేవు, ఒకసారి పోయిన అవయవం మళ్లీ రాదు, కాబట్టి పక్షుల మూలం మరెక్కడో ఉండాలి అని ఆయన వాదం. అక్కడ “లేవు” అని కాక “ఇంతవరకు కనిపించలేదు” అని ఉండవలసింది. నిజానికి మంగోలియాలో దొరికిన ఒవిరాప్టర్ అనే డైనోసార్ అస్థిపంజరంలో ఆ పంగ ఎముక అప్పటికే ఉంది, 1924 నాటి వర్ణనలో దానిని వేరే ఎముకగా గుర్తించారు. తరువాత టైరనోసార్‌లతో సహా అనేక డైనోసార్లలో ఆ ఎముక దొరికింది.

పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయన్న వాదాన్ని మళ్లీ లేపినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ ఆస్ట్రమ్. అమెరికాలోని మోంటానాలో దొరికిన డైనోనికస్ అనే డైనోసార్‌ను ఆయన 1969లో వర్ణించాడు. దాని మణికట్టులో అర్ధచంద్రాకారపు ఎముక ఒకటి ఉంది. దానివల్ల చేయి పక్కకు మడుచుకుంటుంది. వాలిన పావురం రెక్కను ఒంటికి చేర్చి మడుచుకునే తీరును ఒకసారి గమనించండి, ఆ మడత అక్కడిదే.

మొదటి ప్రశ్న అడిగినవారు: అయితే “పక్షులు డైనోసార్లే” అని సూటిగా రాసేయవచ్చా?

సమాధానం: రాయవచ్చు, రాయాలి కూడా. కాని ఏకారం ఎక్కడ పడుతుందో చూసుకోండి. “పక్షులు డైనోసార్లే” సరి, “డైనోసార్లు పక్షులే” తప్పు. ముఖం మీద మూడు కొమ్ములున్న ట్రైసెరటాప్స్ డైనోసారే, పక్షి మాత్రం కాదు. డైనోసార్ల కాలంలో ఎగిరిన టెరోసార్లు అసలు డైనోసార్లే కావు. వాటి రెక్క ఈకలది కాదు, చాలా పొడవుగా పెరిగిన నాలుగో వేలు నుంచి ఒంటి దాకా సాగిన చర్మం. వాటికి వారసులు మిగలలేదు.

మరో హెచ్చరిక. 1887లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హారీ సీలీ తుంటి ఎముకల అమరికను బట్టి డైనోసార్లను బల్లితుంటివి, పక్షితుంటివి అని రెండుగా విడదీశాడు. పేరు చూసి పక్షులను రెండో జట్టులో వేయకండి. ఆ జట్టులో ఉన్నది ట్రైసెరటాప్స్. పక్షులు వచ్చినది బల్లితుంటి జట్టు నుంచి.