నాన్న పోయాక అమ్మకి ఈపీఎస్ పెన్షన్: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఫిట్టర్ గారబ్బాయి):
నాన్న పోయి నలభై రోజులైంది. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఈపీఎస్-95 (పీఎఫ్ ఆఫీసు నడిపే ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద నెలకి 2,460 రూపాయలు వచ్చేవి. ట్రంకుపెట్టెలో పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) దొరికింది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో అమ్మ పేరు లక్ష్మి, ఆధార్‌లో వెంకటలక్ష్మి. నాన్న పోయిన తర్వాతి నెల పెన్షన్ కూడా ఖాతాలో పడింది. ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంది. తీసి అమ్మ మందులకి వాడొచ్చా? అసలు ఆవిడకి ఎంత వస్తుంది?

జవాబు 1:
ఆ డబ్బు ముట్టుకోకండి. ఆయన పోయిన తర్వాతి కాలానిది తిరిగి కట్టాల్సిందే. ముందు మరణ ధ్రువపత్రం తీసుకెళ్లి బ్యాంకులో చెప్పండి.

జవాబు 2 (ఇల్లాలు):
బాబూ, మా ఆయన పోయినప్పుడు ఇదంతా నేనే తిరిగి చేయించుకున్నాను. అమ్మగారికి నాన్నగారి పెన్షన్‌లో సగం, అంటే 1,230 వస్తుంది. సగం ఎంత తక్కువైనా 1,000 కంటే తక్కువ ఇవ్వరు. ఆయన పోయిన మర్నాటి నుంచే లెక్క కాబట్టి, ఆలస్యమైనా బకాయి కలిపి ఇస్తారు. కంగారు పడకు.

పెన్షన్ దరఖాస్తు 10-డి ఫారం నింపి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం, పీపీఓ, అమ్మగారి ఆధార్, ఆవిడ పేరు మీదున్న బ్యాంకు పాసుబుక్ పట్టుకెళ్లు. పీపీఓని లామినేషన్ మాత్రం చేయించకు, ప్లాస్టిక్ కవర్లో పెట్టు చాలు. పేరు తేడా దగ్గరే నా దరఖాస్తు రెండుసార్లు వెనక్కొచ్చింది. రెండు పేర్లూ నావేనని నోటరీ అఫిడవిట్ ఇచ్చాక కదిలింది. నువ్వు ముందే అడిగి, ఏం కావాలంటే అది మొదటిసారే జతచెయ్యి.

మంజూరయ్యాక ఏడాదికోసారి, బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, మర్చిపోతే పెన్షన్ ఆగిపోతుంది. అంట్లు తోమీ తోమీ నా వేళ్ల గీతలు అరిగిపోయాయి, వేలిముద్ర మెషిన్ ఎన్నిసార్లు నొక్కినా తీసుకోలేదు. జీవన్ ప్రమాణ్‌లో, అంటే ఆ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రభుత్వ పద్ధతిలో, ఫోనుకి ముఖం చూపిస్తే అయిపోయింది. అమ్మగారికి అదే చేయించు.

ఇంకొక్క మాట. ఖాతా ఆవిడ ఒక్కరి పేరు మీదే తెరిపించు, పాసుబుక్ ఆవిడ చేతికే ఇవ్వు. నేను మందులకి పిల్లల్ని అడగలేక రెండు నెలలు బీపీ మాత్ర సగం విరిచి వేసుకున్నాను.

ఫిట్టర్ గారబ్బాయి:
అమ్మా, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను. సోమవారం ఇద్దరం కలిసే బ్యాంకుకి వెళ్తున్నాం. అక్కణ్ణుంచి నోటరీ దగ్గరికి.