సొంత డబ్బుకు ఖరీదు కట్టాలా, వద్దా?

కారం మిల్లు (గుంటూరు): మాది ప్రైవేట్ లిమిటెడ్. బ్యాంకు అప్పు 60 లక్షలు, వడ్డీ 11 శాతం. వాటాదారుల సొమ్ము 40 లక్షలు. కొత్త మిషన్లు వేస్తే పన్ను పోను ఏడాదికి 10 శాతం వస్తుంది. డబ్ల్యూఏసీసీ, అంటే మొత్తం పెట్టుబడికి సగటున పడే ఖర్చు, ఎంత వేసుకోవాలి? సొంత డబ్బుకు వడ్డీ లేదు కాబట్టి అది సున్నా అంటాను.

లెక్కల మాస్టారు: సున్నా ఎలా అవుతుందండీ? మీ స్థలం తాకట్టు పెట్టుకుని, ముందుగా వసూలు చేసుకునే బ్యాంకే 11 అడుగుతోంది. అందరికీ ఇచ్చాక మిగిలితే తీసుకునే వాటాదారుకు అంతకన్నా ఎక్కువ రావాలి. మీది లిస్టెడ్ కంపెనీ కాదు, బీటా (వాటాదారు రాబడి లెక్కకు వాడే, మార్కెట్‌తో పాటు షేరు ఎంత ఊగుతుందో చెప్పే అంకె) నేరుగా దొరకదు. నేనైతే 16 వేస్తాను. 22 శాతం పన్ను స్కీములో ఉంటే సర్‌ఛార్జీ, సెస్సుతో 25.17. వడ్డీని ఖర్చుగా చూపిస్తే ఆ మేరకు పన్ను కలిసొస్తుంది, అప్పు ఖర్చు 8.23. 60:40 చొప్పున 11.34. మీ 10 చాలదు.

కారం మిల్లు: ఆ 16 ఎక్కడిది? నా లెక్కకు 4.94 వస్తోంది.

బెజవాడ ఆడిటర్: ఇద్దరూ పుస్తకం విలువ, అంటే ఖాతాల్లో రాసిన అంకె, పట్టుకు కూర్చున్నారు. మిల్లు ఈరోజు అమ్మితే ఎంతొస్తుంది?

కారం మిల్లు: 2 కోట్లు.

బెజవాడ ఆడిటర్: అప్పు పోను వాటా 1.4 కోట్లు. 30:70 చొప్పున 13.67.

లెక్కల మాస్టారు: అమ్మని మిల్లుకు ధర ఎలా కడతారు? బ్యాంకు బ్యాలెన్స్ షీటే చూస్తుంది.

సిక్కోలు: పన్ను కలిసొచ్చేది లాభం ఉంటేనే. పోయినేడు మాకు నష్టం, 11కి 11 కట్టాం.

వాటాదారు: ఎనిమిదేళ్ల కింద ఎకరం అమ్మిన 15 లక్షలు మా అన్నయ్య కంపెనీలో పెట్టాను. ఒక్క రూపాయి డివిడెండు లేదు. అడిగితే, "మనింటి డబ్బుకు వడ్డీ ఏంటమ్మా" అన్నాడు. పాప ఫీజుకు గాజులు తాకట్టు పెట్టాను. మీరు వేసే సున్నా నాలాంటి వాళ్ల నెత్తిన పడుతుంది.

కారం మిల్లు: ఇంటి గొడవలు ఇక్కడెందుకమ్మా? తెల్లవారుజామునే మిల్లు తలుపు తీసేది నేను. ఆ ఘాటు, కళ్ల మంట నావి. జీతం కూడా తీసుకోను.

లెక్కల మాస్టారు: అయితే ముందు మీ జీతం ఖర్చులో రాయండి. ఆ 10 కూడా మిగలదు.

వాటాదారు: మీ కష్టం కాదనను. ఆ 40 లక్షలూ మీవేనా?

కారం మిల్లు: 28 నావి. 12 మా అక్కవి.

బెజవాడ ఆడిటర్: ఆ 12 మీద ఎంత రావాలో ఆవిడను అడిగారా?

కారం మిల్లు: ఏం చెబుతుందో తెలుసు. అందుకే అడగలేదు.