బ్యాంకు బోనస్, మైళ్లు, ఒంటిమిట్ట విరాళం: రిటర్నులో ఏది చూపాలి?

ప్రశ్న: అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది ప్రొద్దుటూరు. 2024 అక్టోబరులో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికా వచ్చాను, 2025 అంతా ఇక్కడే ఉన్నాను. కంపెనీ ప్రయాణాలకు విమాన సంస్థ ఇచ్చిన మైళ్లు (తరువాత టికెట్లకు వాడుకునే పాయింట్లు), క్రెడిట్ కార్డు పాయింట్లు, ఖాతా తెరిచినందుకు బ్యాంకు ఇచ్చిన 300 డాలర్లు నా దగ్గర ఉన్నాయి. ఒంటిమిట్ట కోదండరామునికి నాన్న ద్వారా కొంత సమర్పించాను. వీటిలో రిటర్నులో ఏవి చూపాలి?

జవాబు: తమ్ముడూ, కంపెనీ ఖర్చుతో తిరిగి కూడబెట్టిన మైళ్లను సొంత ప్రయాణానికి వాడుకున్నా పన్ను అడగబోమని అమెరికా పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్ 2002లోనే ప్రకటించింది, వాటిని నగదుగా మార్చుకుంటే మాత్రం ఆ ప్రకటన వర్తించదు. కార్డుతో సరుకులు కొన్నందుకు వచ్చే పాయింట్లను ధరలో తగ్గింపుగానే చూస్తారు.

జాగ్రత్త పడవలసింది ఆ 300 డాలర్ల దగ్గరే. నీవు ఏమీ కొనలేదు, డబ్బు దాచినందుకు బ్యాంకు ఇచ్చింది కనుక అది వడ్డీ వంటిదే. ఖాతా పెట్టినందుకు వచ్చిన 50,000 పాయింట్లతో విమాన టికెట్టు తీసుకున్న దంపతుల కేసులో, ఆ టికెట్టు విలువ 668 డాలర్లు ఆదాయమేనని 2014లో టాక్స్ కోర్టు తీర్పు చెప్పింది. నేను వచ్చిన కొత్తలో ఇటువంటి బోనస్‌కే 1099-ఐఎన్‌టీ పత్రం (బ్యాంకు ఇచ్చిన వడ్డీని తెలిపేది) పలుచని కవరులో వస్తే, ప్రకటన కాగితమనుకొని కూపన్లతో పాటు సొరుగులో పడేశాను. ఏడాదిన్నర తరువాత పన్నుకు వడ్డీ కలిపి నోటీసు వచ్చింది. అందువల్ల జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే ప్రతి కవరునూ విప్పి చూడమని నిన్ను మరీ మరీ కోరుతున్నాను.

ఇక విరాళం. అమెరికాలో ఏర్పడి, ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చినదానికే ఇక్కడ మినహాయింపు దొరుకుతుంది; రాములవారికి భక్తితో సమర్పించినది ఈ లెక్కలోకి రాదు. ఇక్కడి గుడికి ఇచ్చినా, 250 డాలర్లు లేదా అంతకు మించితే రిటర్ను వేయకముందే ఆ సంస్థ నుండి రాతపూర్వకమైన రసీదు నీ చేతిలో ఉండాలి. పైగా ఒంటరి వ్యక్తికి 2025లో స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల వివరాలు చూపకుండానే ఆదాయం నుండి తగ్గించుకునే మొత్తం) 15,750 డాలర్లు ఉన్నందున, ఇంటి రుణ వడ్డీ వంటి పెద్ద ఖర్చులు లేనివారికి విడిగా విరాళం చూపడం వల్ల సాధారణంగా లాభం ఉండదు. 2026 నుండి మాత్రం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారు కూడా నగదు విరాళాలకు 1,000 డాలర్ల దాకా అదనంగా తగ్గించుకోవచ్చు. విమాన సంస్థ ద్వారా మైళ్లను దానం చేస్తే పుణ్యమే, మినహాయింపు మాత్రం ఆశించవద్దు.

మరొక జవాబు: అన్నగారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ప్రొద్దుటూరులో నీ పేరున ఇంటి అద్దె వంటి ఆదాయం ఉండి, అక్కడ పాత పన్ను విధానంలో రిటర్ను వేస్తుంటే, 80జీ ఆమోదం (విరాళాలకు పన్ను మినహాయింపునిచ్చే గుర్తింపు) ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళాన్ని అక్కడ చూపుకోవచ్చు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది చెల్లదు. నాన్నగారి ఖాతా నుండి వెళ్లి రసీదు ఆయన పేరున ఉంటే ఆ మినహాయింపు ఆయనదే అవుతుంది గనుక, ఈసారి నీ ఖాతా నుండే పంపి, నీ పాన్ నంబరుతో రసీదు అడుగు.