విమానయాన క్రెడిట్ కార్డు ఇచ్చే టికెట్ వోచర్‌కు అసలు విలువ ఎలా కట్టాలి?

ప్రశ్న: బ్రాడీపేట, గుంటూరు

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఢిల్లీలో చదువుకుంటున్నందువల్ల గన్నవరం నుంచి ఢిల్లీకి ఏటా కొన్ని టికెట్లు తీయక తప్పడం లేదు. ఇది తెలిసి రెండు బ్యాంకుల వాళ్లు వెంటపడుతున్నారు. మొదటి కార్డుకు వార్షిక రుసుము 3,000 రూపాయలు. చేరగానే ఎకానమీలో ఒకవైపు ప్రయాణానికి టికెట్ వోచర్ ఇస్తారట, ఏడాదిలో లక్షన్నర ఖర్చు పెడితే అలాంటిదే మరొకటి ఇస్తారట. రెండో కార్డుకు రుసుము 2,000. దీనికి టికెట్ వోచర్ ఉండదు గానీ, విమాన సంస్థ సైటులో టికెట్ కొనేటప్పుడు బిల్లులోంచి 3,000 తగ్గించే వోచర్ వస్తుంది. ఢిల్లీ టికెట్ 6,500 ఉంది కనుక తమ వోచర్ విలువ 6,500 అని మొదటి బ్యాంకు వారి వాదన. అది నిజమైతే ఆలోచించవలసిన పనే లేదు. కానీ ఎక్కడో తేడా ఉందని అనిపిస్తోంది. ఈ లెక్క తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: బెంజి సర్కిల్

మీ అనుమానం సరైనదేనండీ. 6,500 అన్నది ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు కనిపించే ధర అయి ఉంటుంది. మీ అబ్బాయి సెలవుల తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి మీరు ఆ ధరకు కొనరు, నెల ముందే కొంటారు. అప్పుడు అదే టికెట్ 5,030కి దొరుకుతుందని అనుకుందాం. ఇందులో మూల ధర 4,200, దాని మీద 5 శాతం జీఎస్‌టీ 210, విమాన భద్రత రుసుము, విమానాశ్రయ వినియోగ రుసుము వంటివి కలిపి 620. టికెట్ వోచర్లు సాధారణంగా మాఫీ చేసేది మూల ధరను మాత్రమే, మిగిలింది మన జేబులోంచే పోతుంది. కాబట్టి మీకు కలిసివచ్చేది 4,200. వార్షిక రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది గనుక 3,000 కాస్తా 3,540 అవుతుంది. తీసివేస్తే మిగిలేది 660 రూపాయలు.

రెండో కార్డుకు రుసుము పన్నుతో కలిపి 2,360. వోచర్ 3,000. మిగిలేది 640. ఇంత హడావుడి చేసి రెంటికీ మధ్య తేడా ఇరవై రూపాయలు! మూల ధర 4,180 దాటితే మొదటిది, దానికి లోపు ఉంటే రెండోది లాభం. అయితే విమాన సంస్థ సైటులో ధర బయటి బుకింగ్ సైట్ల కంటే ఎక్కువగా ఉంటే ఆ ఎక్కువను కూడా రెండోదాని లెక్కలోంచి తీసేయాలి.

ఇక లక్షన్నర ఖర్చుకు వచ్చే రెండో టికెట్ సంగతి. ఇదే అసలు చిక్కు. ఏ మెలికా లేని ఒకటిన్నర శాతం క్యాష్‌బ్యాక్ కార్డు మీద అదే లక్షన్నర ఖర్చు పెడితే 2,250 రూపాయలు చేతికి వచ్చేవి. వాటిని వదులుకుంటున్నారు కాబట్టి ఆ టికెట్ విలువ 1,950కి దిగుతుంది, మొదటి కార్డు ఇచ్చే పాయింట్లేమైనా ఉంటే వాటిని కలుపుకోండి. ఇంటి అద్దె, పెట్రోలు, వాలెట్‌లో వేసుకునే డబ్బు చాలా కార్డులు ఈ పరిమితికి లెక్కలోకి తీసుకోవు. అందుకని లక్షన్నర నిండక, ఆఖరి నెలలో బంగారం కొట్టుకు వెళ్లి కార్డు ఇస్తే, కౌంటర్లో ఆయన మిషను పక్కకు జరిపి, ‘కార్డయితే రెండు శాతం అదనమండీ, క్యాష్ గానీ యూపీఐ గానీ ఇవ్వండి’ అంటాడు. మొత్తం ఖర్చు అలాంటి చోట్లే పెడితే 3,000 అదనంగా పోతుంది. అప్పుడు 1,950 విలువైన వోచర్ కోసం చేతిచమురు వదిలించుకున్నట్టే.

జవాబు: కృష్ణలంక

పై లెక్క ఎకానమీకి సరిపోతుంది గానీ, రుసుము కాస్త ఎక్కువ ఉన్న కార్డులు బిజినెస్ తరగతి వోచర్లు ఇస్తాయి. అక్కడ టికెట్ పద్దెనిమిది, ఇరవై వేలు ఉంటుంది. రుసుము పది, పన్నెండు వేలు అయినా లాభమే కదా?

జవాబు: పటమట

కృష్ణలంక గారికి, మీరు సొంత డబ్బుతో ఇరవై వేలు పెట్టి ఆ సీటు కొంటారా అన్నదే ప్రశ్న. కొనేవారైతే మీ మాట నిజం. కొనని వారికి దాని విలువ మామూలు టికెట్ ధరకు, వెడల్పు సీటు కోసం ఇష్టపడి ఇచ్చే మరో రెండు మూడు వేలు కలిపినంతే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని తరగతుల మీద జీఎస్‌టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. వోచర్ టికెట్ మీద ఈ పన్ను పూర్తి మూల ధరకు వేస్తారా, లేక విమానాశ్రయ రుసుములు మాత్రమే తీసుకుంటారా అన్నది షరతుల పత్రంలో చూడకుండా సంతకం పెట్టకండి.

ప్రశ్న అడిగిన వారికి మరో మాట. టికెట్ వోచర్‌కు కేటాయించే సీట్లు వేరుగా, పరిమితంగా ఉండవచ్చు. సంక్రాంతికి పిల్లవాడు ఇంటికి రావాల్సిన వారంలో ధర ఆకాశాన్నంటుతుంది, ఆ వోచర్ నిజంగా పనికి రావాల్సింది అప్పుడే, సీటు లేదనేదీ అప్పుడే. 3,000 తగ్గించే వోచర్ డబ్బు లాంటిది, పండుగ రోజున కూడా చెల్లుతుంది, షరతుల్లో మినహాయింపు తేదీలు లేకపోతే. గన్నవరం నుంచి నేరుగా వెళ్లే సర్వీసులు తక్కువ కాబట్టి, మధ్యలో విమానం మారితే ఒకే వోచర్ సరిపోతుందా అని కూడా అడగండి. హైదరాబాద్ వెళ్లడానికైతే ఈ వోచర్ మనకు దండగ, సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ రైలు గుంటూరులోనే ఆగుతుంది.

సంస్థ భవిష్యత్తును కూడా ఆలోచించాలి. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో విలీనమైంది, దాని పాయింట్ల పథకం ‘క్లబ్ విస్తారా’ ఎయిర్ ఇండియా వారి ‘మహారాజా క్లబ్’లో కలిసిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ అయితే 2019 ఏప్రిల్ 17న విమానాలే ఆపేసింది. అందుకని వోచర్లు పోగేసి దాచుకోకుండా వచ్చిన ఏడాదే వాడేయడం మేలు.

ప్రశ్న అడిగినవారు: బ్రాడీపేట

వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. పరీక్ష తేదీలు మారి టికెట్ రద్దు చేసుకోవాల్సి వస్తే వోచర్ తిరిగి వస్తుందా?

జవాబు: బెంజి సర్కిల్

చాలా కార్డుల షరతుల్లో వోచర్ ఒకసారి వాడితే అయిపోయినట్టే రాసి ఉంటుంది, తిరిగి ఇచ్చేవి కొన్ని ఉన్నా రుసుము తీసుకుంటాయి. అయితే విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం, తిరిగి ఇవ్వమని చెప్పి అమ్మిన టికెట్‌ను రద్దు చేసుకున్నా చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు ప్రయాణికుడికి వెనక్కి ఇవ్వాలి. మీరు వోచర్ టికెట్‌కు చేతి నుంచి కట్టేది ప్రధానంగా అవే కాబట్టి ఆ మొత్తాన్ని తప్పకుండా అడిగి తీసుకోండి. తేదీలు ఖాయం కాని ప్రయాణానికి మాత్రం టికెట్ వోచర్ వాడవద్దు. దాన్ని జూన్‌లో సెలవులు అయిపోయి తిరిగి వెళ్లే ప్రయాణానికి ఉంచుకోండి, ఆ తేదీ మారే అవకాశం తక్కువ.